తక్కువ తిరిగింది... కొందామా?

అమెరికా పేరున్న కారు. నాలుగు తలుపుల సెడాన్. తొక్కితే దూసుకెళ్లే ఇంజిన్. పదేళ్లయినా మీటరు మీద ఇరవై వేల కిలోమీటర్లు కూడా లేవు. హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోంచి ఇలాంటి కార్లు అప్పుడప్పుడూ అమ్మకానికొస్తుంటాయి. చూడగానే అడ్వాన్సు ఇచ్చేయాలనిపిస్తుంది. మరి అది నిజంగా అంత మంచి బేరమేనా? మీటరు చెప్పే లెక్కేంటి, చెప్పనిదేంటి?

ఆదివారం ఉదయం ఏడు గంటలు. కొండాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్ సెల్లారు. రిటైరైన ఓ పెద్దాయన తాళంచెవి పట్టుకుని కిందికి దిగుతారు. మూల స్తంభం పక్కన కవరు కప్పిన కారు. కవరు తీసి మడతపెడతారు. అద్దాలు తుడుస్తారు. లోపల కూర్చుని స్టార్ట్ చేస్తారు. పది నిమిషాలపాటు ఇంజిన్ తిరుగుతుంది. ఆయన రేడియో వింటూ కూర్చుంటారు. ఆపేసి, మళ్లీ కవరు కప్పి, పైకి వెళ్లిపోతారు. కాసేపటికి డల్లాస్ నుంచి ఫోను. అక్కడింకా శనివారం సాయంత్రమే.

'కారు స్టార్ట్ చేశావా నాన్నా?'

'చేశాన్రా. బంగారంలా ఉంది.'

ఇది ఏ ఒక్కరింటి కథో కాదు. ఇష్టపడి కారు కొనడం, అది పాతబడకముందే ఆన్‌సైట్ పిలుపు రావడం, రెండేళ్లనుకున్నది ఎనిమిదేళ్లవడం, కారేమో నాన్న కాపలాలో ఉండిపోవడం... ఐటీ కారిడార్‌లో చాలా ఇళ్లకు తెలిసిన సంగతే. పిల్లలు అక్కడే బడిలో చేరాక, ఇల్లు కొనుక్కున్నాక, ఓ రోజు ఫోన్లో ఆ మాట రానే వస్తుంది. 'ఇంక అమ్మేద్దాం నాన్నా!'

అప్పుడు లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీదో, ఆఫీసులో స్నేహితుల గ్రూపులోనో నాలుగు వాక్యాలు కనిపిస్తాయి. షెవర్లే క్రూజ్ డీజిల్, 2016 మోడల్. ఒకే ఓనర్. తిరిగింది 18 వేల కిలోమీటర్లు. ఓనర్ అమెరికాలో ఉన్నందున అమ్మకానికి.

చదివినవారి కళ్లు మూడో వాక్యం దగ్గరే ఆగిపోతాయి.

అసలైనది ఎందుకు రాదు?

కండలు తిరిగిన సెడాన్ అనగానే అమెరికాలో గుర్తొచ్చే పేర్లు కొన్ని ఉన్నాయి. డాడ్జ్ చార్జర్ వాటిలో ముందుంటుంది. అరవైల్లో రెండు తలుపుల కారుగా పుట్టి, 2006 మోడల్‌తో నాలుగు తలుపుల సెడాన్‌గా మళ్లీ వచ్చింది. 2015లో వచ్చిన హెల్‌క్యాట్ రకానికి 707 హార్స్‌పవర్! షెవర్లేకి ఎస్ఎస్ అనే సెడాన్ ఉండేది. క్యాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్‌కైతే 668 హార్స్‌పవర్. ఇంటిల్లిపాదీ కూర్చునే కారుకి పందెం కారు గుండె పెట్టడమే వీటి ప్రత్యేకత.

ఇక్కడో తమాషా ఉంది. ఆ చార్జర్ సెడాన్ తయారైంది అమెరికాలో కాదు, కెనడాలోని బ్రాంప్టన్‌లో. 2023 డిసెంబరులో అక్కడ దాని ఉత్పత్తి ఆగిపోయింది. షెవర్లే ఎస్ఎస్ అయితే ఏకంగా ఆస్ట్రేలియాలో తయారై ఓడెక్కి అమెరికా చేరేది. కారు పుట్టిన ఊరు వేరు, దాని మీదున్న పేరు వేరు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లలో ఇలాంటి కార్లంటే పడిచచ్చేవారున్నారు. అక్కడ కొని, మురిపెంగా చూసుకుని, తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవాలని ఆశపడతారు. కానీ దారి మూసుకుపోయి ఉంది. మన దిగుమతి నిబంధనల ప్రకారం వాడిన కారు తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి తగినట్టుండాలి. దిగాల్సింది ముంబయి రేవులోనే. ఇవన్నీ కుదిరినా పన్నులు కలిపితే కారు ధరను మించిపోతాయి. ఇక చార్జర్ సంగతి చెప్పేదేముంది... కుడివైపు స్టీరింగుతో దాన్ని కంపెనీ అసలు తయారే చేయలేదు.

మస్టాంగ్‌దీ చాలాకాలం అదే పరిస్థితి. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ దాన్ని కుడివైపు స్టీరింగుతోనూ తయారుచేయడం మొదలుపెట్టింది. కాబట్టే 2016లో 65 లక్షల రూపాయల షోరూమ్ ధరతో మనదేశానికి రాగలిగింది. అయితే అది రెండు తలుపుల కారు. అమ్మానాన్నల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని యాదగిరిగుట్టకు వెళ్లేందుకు పనికొచ్చేది కాదు.

మనకు దొరికిన అమెరికా

అలాగని అమెరికా కార్లు మనకు కొత్తేం కాదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించడం మొదలెట్టి 1954లో మూసేసింది. మళ్లీ తొంభైల్లో గుజరాత్‌లోని హలోల్‌లో అడుగుపెట్టింది. ఫోర్డ్ చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. సరిగ్గా ఏడాది తర్వాత, 1999 నవంబరులో, ఫోర్డ్ ఐకాన్ విడుదలైంది. 'జోష్ మెషిన్' అన్న ప్రచారంతో వచ్చిన ఆ సెడాన్ 1.6 పెట్రోలు రకాన్ని వేగం ఇష్టపడే కుర్రకారు నెత్తిన పెట్టుకుంది. మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య కొత్త రోడ్లు పడుతున్న కాలమది. తొలి జీతాలు, తొలి లోన్లు, తొలి కార్లు. ఆ తర్వాత ఫోర్డ్ మాండియో వచ్చింది, ఫియస్టా వచ్చింది. ఫియస్టా 1.6 ఎస్ రకాన్ని దాని స్టీరింగు కోసమే కొన్నవారున్నారు. షెవర్లే పేరు 2003లో ఆప్ట్రాతో మళ్లీ మన రోడ్లెక్కింది.

వీటన్నిటిలోకీ 'తొక్కితే తెలుస్తుంది' అనిపించుకున్నది మాత్రం 2009 అక్టోబరులో వచ్చిన షెవర్లే క్రూజ్. రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్, 150 పీఎస్ శక్తి. తర్వాత దాన్ని 166 పీఎస్‌కి పెంచారు. అప్పట్లో దాని పోటీదారైన టొయోటా కరోలా ఆల్టిస్ డీజిల్‌కి ఉన్నది 88 పీఎస్. తేడా ఎంతో చూడండి! అమెరికా హెల్‌క్యాట్ ముందు ఇదేమంత లెక్క కాదు. కానీ మన రోడ్ల మీద, మన జీతాలకు అందుబాటులో ఉన్న కండల సెడాన్ అదే.

దీని పుట్టుకా చిత్రమే. పేరు అమెరికాది. రూపకల్పనలో పెద్ద చెయ్యి కొరియాలోని జనరల్ మోటార్స్ విభాగానిది. తొలినాటి డీజిల్ ఇంజిన్ మూలం ఇటలీకి చెందిన వీఎం మోటోరిది. బిగించింది హలోల్‌లో. నడిపింది మన కొండాపూర్ కుర్రాడు!

2016లో కొత్త ముఖంతో వచ్చిన క్రూజ్ షోరూమ్ ధర సుమారు 15 నుంచి 18 లక్షల మధ్య ఉండేది. ఆ మరుసటి ఏడాదే పిడుగులాంటి వార్త. 2017 మే 18న జనరల్ మోటార్స్ ఆ ఏడాది చివరికల్లా భారత్‌లో అమ్మకాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. హలోల్ ఫ్యాక్టరీ ఎంజీ మోటార్ చేతికి వెళ్లింది. నాలుగేళ్ల తర్వాత ఫోర్డ్‌దీ అదే బాట. 2021 సెప్టెంబరు 9న మనదేశంలో కార్ల తయారీ మానేస్తున్నట్టు చెప్పింది. దాని సాణంద్ ఫ్యాక్టరీని 2023లో టాటా తీసుకుంది. అంటే సెల్లార్లో ఉన్న ఆ కారుకి ఇప్పుడు షోరూమ్ లేదు. దాని తర్వాతి మోడల్ కూడా రాలేదు. అందుకే అభిమానులకు అంత మోజు. అందుకే కొనేవారికి అంత జాగ్రత్త కావాలి.

మీటరు ఎందుకు తిరగలేదంటే...

'పదేళ్లలో 18 వేలా? నమ్మేలా ఉందా?' అని ఎవరికైనా అనుమానం వస్తుంది. వేరే ఊళ్లో అయితే అనుమానించాల్సిందే. హైటెక్ సిటీలో మాత్రం నమ్మదగ్గ కారణాలు చాలానే ఉన్నాయి.

మొదటిది కంపెనీ క్యాబ్. ఇంటి ముందు ఎక్కించుకుని, ఆఫీసు ముందు దించే బండి ఉంటే సొంత కారు ఆదివారానికే పరిమితం. రెండోది మెట్రో. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి 2019 మార్చిలో, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో రైలు నడవడం మొదలైంది. సైబర్ టవర్స్ కూడలిలో క్లచ్చు తొక్కీ తొక్కీ విసిగిపోయినవారికి అదో ఊరట. మూడోది 2020 మార్చిలో వచ్చిన లాక్‌డౌన్. తర్వాత చాలా కంపెనీలు రెండేళ్లదాకా ఇంటి నుంచే పనిచేయించాయి. ఎంతోమంది ఉద్యోగులు సొంతూళ్లకు వెళ్లిపోయారు. కార్లు సెల్లార్లలో దుమ్ముకొట్టుకుపోయాయి. నాలుగోది విమానం... ఓనరే దేశం దాటిపోవడం.

కాబట్టి రీడింగు నిజమే కావచ్చు. కానీ దాన్ని చదివే పద్ధతి ఒకటుంది. 18 వేలను పదేళ్లకు పంచితే ఏడాదికి 1,800. రోజుకు ఐదు కిలోమీటర్లు. వినడానికి బాగానే ఉంది. పెద్దాయన కారు లెక్క అది కాదు. కొన్న తొలి రెండేళ్లలో 15 వేలు తిరిగింది. కొడుకు వెళ్లాక ఎనిమిదేళ్లలో తిరిగింది 3 వేలు. అంటే రోజుకు ఒక్క కిలోమీటరు! సగటు తీస్తే ఇది 'నెమ్మదిగా వాడిన కారు'. విడదీసి చూస్తే 'ఎనిమిదేళ్లు ఆగిపోయిన కారు'. రెండింటికీ ధర ఒకటే కాకూడదు.

ఆగి ఉన్నా వయసొస్తుంది

మీటరు కొలిచేది దూరాన్నే. కాలాన్ని కాదు. కారులో సగం వస్తువులు దూరంతో అరిగితే, మిగతా సగం కాలంతో పాడవుతాయి.

టైరునే తీసుకోండి. ఎనిమిదేళ్లు ఒకేచోట నిలబడితే అరుగుదల ఏమీ కనిపించదు. గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉంటాయి. కానీ రబ్బరు గట్టిపడి, పక్కల్లో సన్నటి బీటలు వస్తాయి. బరువంతా ఒకేచోట పడి అడుగున చదునవుతుంది. ఔటర్ మీద 2023లో వేగపరిమితిని గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో అలాంటి టైరు పగిలిందంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

బ్రేకు ఆయిలు గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కారు తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఇంజిన్ ఆయిలుకీ కిలోమీటర్లతోపాటు నెలల గడువుంటుంది. రబ్బరు పైపులు, సీళ్లు, బెల్టులు కూడా అంతే. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో కిలోమీటర్లు నిండకపోయినా ఏళ్లు నిండితే బెల్టు మార్చాలి. అది తెగితే ఇంజినే పోతుంది. ట్యాంకులో ఏళ్లతరబడి ఉన్న డీజిల్ జిగురుగా మారి ఫిల్టర్లనూ, ఇంజెక్టర్లనూ పట్టేస్తుంది.

మరి ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేయడం? అక్కడే అసలు చిక్కు. కదలకుండా ఆ కాస్త సేపు తిప్పితే డీజిల్ ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. పొగలో పుట్టిన నీటి ఆవిరి బయటికి పోకుండా సైలెన్సర్‌లో చేరి తుప్పుపట్టిస్తుంది. కొంత ఆయిల్లో కలుస్తుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఖర్చుపెట్టిన కరెంటు తిరిగి నిండడానికి ఆ సమయం చాలదు. గేర్లు, బ్రేకులు, బేరింగులు కదలనే కదలవు. పెద్దాయన ప్రేమతోనే చేశారు. కానీ వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసే బదులు రెండు వారాలకోసారి ఔటర్ మీద ఓ ముప్ఫై కిలోమీటర్లు నడిపి ఉంటే కారు ఇంకా బాగుండేది. మీటరు మీద మరో ఆరేడు వేలు పెరిగినా సరే!

ఈ ఊరికిది కొత్త పాఠమేం కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపురంగు రోల్స్‌రాయిస్ ఒకటి చూసే ఉంటారు. 1912 నాటిది. ఏడో నిజాం దాన్ని ప్రత్యేక సందర్భాల్లోనే బయటికి తీసేవారు. హైదరాబాద్‌లో అతి తక్కువ తిరిగిన కార్ల జాబితా రాస్తే దానికి మొదటి వరుసలోనే చోటు. అయినా ఏళ్లతరబడి మూలనపడి, మళ్లీ కళకళలాడాలంటే నిపుణులు పూనుకుని బాగుచేయాల్సి వచ్చింది. రాజుగారి కారుకైనా అంతే, మన కారుకైనా అంతే.

ఎలుకలు, వరదలు

సెల్లారుకి సొంత శత్రువులిద్దరున్నారు. మొదటిది ఎలుక. కదలని కారు బానెట్ కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది. దానికంతకన్నా ఏం కావాలి! వైర్లు కొరికేస్తుంది. సీట్ల స్పాంజి పీకి గూడు కడుతుంది. ఒక్క వైరు తెగితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైట్లన్నీ వెలుగుతాయి. ఏ వైరో వెతికి పట్టుకోవడానికే మెకానిక్కులకు రోజులు పడుతుంది.

రెండోది వాన. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచెత్తిన వాన గుర్తుందిగా! కాలనీలు చెరువులయ్యాయి. ఎన్నో సెల్లార్లలో కార్లు నీళ్లలో తేలాయి. ఎత్తున ఉన్న హైటెక్ సిటీలో మునగవులే అనుకోవడానికీ లేదు. సెల్లారంటేనే రోడ్డు కన్నా కింద కదా. అలా మునిగిన కారుని కడిగి, ఆరబెట్టి, సీట్లకు కొత్త బట్ట కుట్టించి అమ్మితే మీటరు మీద కనిపించేది అదే చిన్న అంకె!

మునిగిందో లేదో పట్టుకోవడానికి తేలికైన ఉపాయం సీటుబెల్టు. దాన్ని చివరిదాకా లాగి చూడాలి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి అడుగు మీద బురద మరక కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది. మ్యాటు కింద, స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీటు పట్టాల మీద తుప్పు, లైట్ల లోపల ఆవిరి, ఏసీ వేయగానే మగ్గిన వాసన... ఇవన్నీ సాక్ష్యాలే.

మీటరు అబద్ధమాడితే?

రీడింగు తగ్గించి అమ్మడం పాత మోసమే. ముళ్ల మీటర్ల కాలంలో చేత్తో తిప్పేవారు. ఇప్పుడు కంప్యూటర్‌తో మార్చేస్తున్నారు. అమెరికాలో 1972లోనే దీనికోసం ఫెడరల్ చట్టం తెచ్చారు. అమ్మేటప్పుడు రీడింగు రాసి సంతకం చేసివ్వడం అక్కడ మామూలు. మన ఆర్‌సీ మీద మాత్రం కారు ఎంత తిరిగిందన్న లెక్క ఉండదు. మనమే తవ్వి తీయాలి.

అన్నిటికన్నా నమ్మదగింది సర్వీసు చరిత్ర. ప్రతి బిల్లు మీదా తేదీ, రీడింగు ఉంటాయి. వాటిని వరసగా పేర్చితే అంకె పెరుగుతూ రావాలి. మధ్యలో తగ్గితే మోసం. ఏళ్లతరబడి బిల్లే లేకపోతే కారు ఆగిపోయి ఉండాలి, లేదా బయట షెడ్డులో చేయించి ఉండాలి. ఏదో ఒకటి అడిగి తేల్చుకోవాలి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2016 కారుకి '1416' అని ఉంటే ఆ ఏడాది పద్నాలుగో వారంలో తయారైన ఒరిజినల్ టైరన్నమాట. 18 వేలు తిరిగిన కారుకి అవే ఉండాలి, లేదా పాతబడ్డాయని మార్చినట్టు బిల్లుండాలి. బిల్లు లేని కొత్త టైర్లుంటే ఎందుకు మార్చారని అడగాలి. క్లచ్చు, బ్రేకు పెడళ్ల రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు అంచు... ఇవి అబద్ధం చెప్పలేవు. లక్ష తిరిగిన కారులో పెడలు నున్నగా అరిగి ఉంటుంది. మీటరు మార్చగలరుగానీ ఇవన్నీ మార్చేవారు అరుదు. అద్దాల మీద ముద్రించిన సంవత్సరం కూడా చూడాలి. ఒక్క అద్దమే వేరే ఏడాదిదైతే ఎక్కడో దెబ్బ తగిలిందనే.

కాగితాల్లో కథ

నంబరు ప్లేటే సగం చరిత్ర చెప్పేస్తుంది. రంగారెడ్డి జిల్లా కారు మీద 'ఏపీ 28' అని ఉంటే అది రాష్ట్ర విభజనకు ముందుది. 'టీఎస్ 07' అయితే 2014 తర్వాతది. 2024 మార్చి నుంచి కొత్తవాటికి 'టీజీ' వస్తోంది. 2016 కారుకి టీఎస్ కాకుండా టీజీ ప్లేటుంటే అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరైందేమో ఆరా తీయాలి.

ఆ అనుమానానికి కారణముంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లు తిరగకూడదని హరిత ట్రైబ్యునల్ చెప్పడం, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించడంతో అక్కడి ఓనర్లు ఎంతకో అంతకు తెగనమ్ముకున్నారు. 2025లో కొంత సడలింపు వచ్చేసరికే చాలా కార్లు రాష్ట్రాలు దాటేశాయి. వాటిని ఇక్కడ నడపాలంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆ ఖర్చు కలిపాక చౌక బేరం చౌకగా ఉండకపోవచ్చు.

ఓనర్ విదేశంలో ఉంటే మరికొన్ని చిక్కులు. యాజమాన్యం మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం. కొడుకు పేరున్న కారుని నాన్న సంతకంతో కొనేస్తే రేపు కొండాపూర్ ఆర్టీఏ కార్యాలయం చుట్టూ తిరగాల్సింది కొన్నవారే. లోను ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం మరీ మామూలు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించాకే డబ్బు చేతులు మారాలి. ఇన్సూరెన్సు ఆగకుండా కట్టారో లేదో కూడా చూడాలి.

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. 2016 కారుకి 2031లో రెన్యువల్ చేయించాలి. తొలినాటి 2009, 2010 క్రూజ్‌లకు ఆ గడువు ఇప్పటికే వచ్చేసింది. ఈ రెన్యువల్ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెంచింది.

విడిభాగాలది అసలు ప్రశ్న. వెళ్లిపోయేటప్పుడు రెండు కంపెనీలూ సర్వీసు, విడిభాగాల సాయం కొనసాగుతుందని ప్రకటించాయి. ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్ల లాంటివి వెతికితే దొరుకుతాయి. హెడ్‌లైటు, బంపరు, ఎలక్ట్రానిక్ భాగాల దగ్గరే ఓపిక పరీక్ష. అందుకే తెలిసినవారు కారు కొనకముందే ఆ మోడల్ చేయి తిరిగిన మెకానిక్కును వెతికిపెట్టుకుంటారు.

ఎంతకి కొనాలి?

ఇన్ని చెప్పాక ఇక ఆ కారు వద్దనుకోవాలా? అక్కర్లేదు. సెల్లార్లో ఆగిన కారులో బాగుచేయలేనిది తక్కువ. ఎండ తగలని రంగు మెరుస్తూనే ఉంటుంది. సీట్లు బిగుతుగా ఉంటాయి. ఇంజిన్ లోపలి భాగాలు పెద్దగా అరిగి ఉండవు. కావాల్సిందల్లా కాలం పాడుచేసినవాటిని మార్చడం. నాలుగు టైర్లు, బ్యాటరీ, టైమింగ్ బెల్టు, ఆయిళ్లన్నీ, రబ్బరు పైపులు, బ్రేకుల పని, ట్యాంకు శుభ్రం... వీటన్నిటికీ ముందే మెకానిక్కుతో లెక్క రాయించుకోవాలి. మార్కెట్లో మామూలుగా తిరిగిన అదే మోడల్ ధర కనుక్కుని, దాని మీద కండిషన్‌కి కొంత కలిపి, ఈ లెక్క తీసేయాలి. అదే న్యాయమైన ధర. '18 వేలే తిరిగింది' అన్న ఒక్క మాటకి లక్షలు ఎక్కువివ్వడం తెలివైన పని కాదు. 'పదేళ్ల పాతది' అన్న ఒక్క మాటతో పెద్దాయన్ని చిన్నబుచ్చడమూ మర్యాద కాదు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. 'ముందుగా స్టార్ట్ చేసి పెట్టొద్దండీ' అని ఫోన్లోనే చెప్పాలి. చల్లటి ఇంజిన్ ఎలా లేస్తుందో, ఎలాంటి పొగ వస్తుందో కళ్లారా చూడాలి. తర్వాత ఓ అరగంట నడపాలి. అదీ టైర్లు పాతవైతే నెమ్మదిగానే!

అలా ఓ ఆదివారం ఎవరో ఒకరు వస్తారు. మెకానిక్కు బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తాడు. సీటుబెల్టు చివరిదాకా లాగుతాడు. పెద్దాయన పక్కనే నిలబడి, పెళ్లిచూపుల్లో ఆడపిల్ల తండ్రిలా కంగారు పడతారు. ఫైలులో బిల్లులన్నీ తేదీల వరసన ఉంటాయి. బేరం కుదురుతుంది. తాళంచెవి ఇస్తూ ఆయన ఒక్క మాటే అడుగుతారు. 'వారానికోసారైనా బయటికి తీయండి బాబూ...'

ఆ రాత్రి డల్లాస్‌కి ఫోను వెళ్తుంది. 'ఇచ్చేశాన్రా' అంటారాయన. అవతల కాసేపు మాట రాదు. అక్కడ ఆ కొడుకు ఇంటి ముందు చార్జరే ఉండొచ్చు. అతను వెనక్కి రావాలనుకున్న రోజున దాన్నీ ఎవరికో అమ్మేసే రావాలి. తెచ్చుకోవడానికి వీల్లేదు కదా!

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి సెల్లార్లో ఆ స్తంభం పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. కారు మాత్రం ఏ ఔటర్ మీదో పరుగెడుతుంటుంది. మీటరు తిరుగుతుంటుంది. కారుకి అంతకన్నా ఆరోగ్యం ఇంకేముంటుంది!